టెంకాయ లేవక ముందు

ఎర్రగుంట్ల చుట్టుపక్కల బోరు వేయించే రైతు ముందు నూర్ బాషాను పిలుస్తాడు. ఆయన అరచేతిలో టెంకాయను పడుకోబెట్టి చేనంతా నడుస్తాడు. కాయ నిటారుగా లేచిన చోట గుర్తు పెడతారు. ముప్పై ఏళ్లుగా ఆయన బతుకు అదే.

కూతురు షాహీనా తొమ్మిదో తరగతి. సైన్సు చెప్పే విశ్వాసమ్మ వేసవి సెలవుల్లో పదిమంది పిల్లలను కడపకు పంపుతోంది. అక్కడి కాలేజీలో రాళ్ల గురించి, నేలల గురించి, భూమిలోని నీళ్ల గురించి పది రోజులు నేర్పుతారు. తండ్రి సంతకం కావాలి. కాగితం వారంగా గూట్లోనే ఉంది.

నూర్ బాషా భయం పైకి చెప్పుకునేది కాదు. చదువుకొని వచ్చిన పిల్ల తన టెంకాయను చూసి నవ్వితే?

శనివారం ఆయన బోరు పాయింటు చూస్తున్న చేనికే విశ్వాసమ్మ పిల్లలను వెంటబెట్టుకొని వచ్చింది.

"నూర్ బాషన్నా, నీళ్లు ఎట్ల చూస్తావో మా పిల్లోళ్లకు రోంత చూపించు."

కాదనలేకపోయాడు. గట్టు పక్కన ఆగాడు. కాయ లేచింది.

"మా నాయన చేతిలో అయితే నిద్రబోతాది మేడం!" అన్నాడు లారీ డ్రైవరు కొడుకు లేవి. అందరూ నవ్వారు.

షాహీనా నవ్వలేదు.

"నాయనా, కాయ లేయకముందే నువ్వు నిలబడినావు. ఏం చూసినావు?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఏదో చెప్పి తప్పించుకుందామనుకున్నాడు, కూతురి ముఖం చూసి నిజమే చెప్పాడు.

"పుట్ట చూసినా. యాపచెట్లు వరసగా ఉండాయి. ఆ వరసలోనే బండ చీలింది. టెంకాయ లేకుంటే ఎవురూ నమ్మరు పాపా."

తల దించుకున్నాడు. విశ్వాసమ్మ చీలిక దగ్గర కూర్చుని చేత్తో తడిమింది.

"ఆడ మొదట నేర్పేది ఇదేనన్నా. నువ్వు చేసే పనికి డిగ్రీ ఉండాది, ఉద్యోగం ఉండాది. నీకెవురూ చెప్పలే, అంతే."

షాహీనా అప్పటికే నోటుబుక్కులో చెట్ల వరస గీస్తోంది.

నూర్ బాషా ఊపిరి వదిలాడు. టెంకాయను ఆ బండకే కొట్టి పిల్లలకు పంచాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకొని పెన్ను అడిగాడు.

సంతకం పెట్టాక కూడా కాగితం వదల్లేదు.

"హనుమన్న చేన్లో ఈ గుర్తులన్నీ ఉండె. నా మాట మీద బోరేస్తే చుక్క నీళ్లు పడలే. నాలుగేండ్లుగా నాకదే గుబులు. ఎందుకో కనుక్కోని రా."

"నువ్వూ రా నాయనా, నువ్వే అడుగుదువు."

"నేనొస్తే ఆడ కూడా టెంకాయ తెమ్మంటారు," అన్నాడు. ఈసారి ముందు నవ్వింది ఆయనే.