మూతకు కట్టిన ఎర్రదారం

ఊరి తడిచెత్తనంతా ఎరువు చేసే ఆ యార్డులో ఆవిడను అందరూ జల్లెడక్క అంటారు. పదకొండేళ్లుగా అక్కడ ఎరువు జల్లెడ పడుతోంది మరి. ఒకచోట నిలబడడం ఆవిడకు చేతకాదు. ఈరోజైతే పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా నాలుగో కుప్ప చుట్టూ తిరుగుతోంది.

ఆవిడ చెల్లెలు వీధి మొదట్లో భోజనం డబ్బాల్లో కట్టి అమ్ముతుంది. మామూలు ప్లాస్టిక్ మాన్పించి, మట్టిలో కలిసిపోయే డబ్బాలు కొనిపించింది ఈ అక్కే. ఖరీదెక్కువైనా చెల్లెలు ఎదురు చెప్పలేదు. పైగా "మా డబ్బా మట్టవుతుంది" అని బోర్డు కట్టింది. అదేదో కళ్లారా చూద్దామని, అక్క ఒక మూతకు ఎర్ర నైలాను దారం కట్టి కుప్పలో పూడ్చింది.

యాభై రోజుల తర్వాత ఈరోజు కుప్ప విప్పారు. మూత జల్లెడ మీద దర్జాగా కూర్చుంది. అంచులు కాస్త మెత్తబడ్డాయి, అంతే.

ఎరువు కొనే నర్సరీ ఆయన పిడికెడు తీసి, అందులోని డబ్బాల తెల్లముక్కలు ఏరి అవతల పడేశాడు. "మొక్కలకు మట్టి కావాలండీ, ఈ పెంకులు కాదు. ఇలాగైతే ఇంకోచోట చూసుకుంటాను."

ఆయన అటు వెళ్లగానే మేనేజరు తేల్చేశాడు. "రేపటి నుంచి ఆ డబ్బాలన్నీ ముందే ఏరేసి డంపుకు పంపించెయ్యక్కా."

"ఇంకో నలభై రోజులుంచితే కరుగుతాయి సార్. ఆ మూల ఒక్క కుప్ప వదిలెయ్యండి."

"బయట లారీలు చూశావా? అన్నాళ్లు ఆగితే ఆ కూరగాయల చెత్త ఎక్కడ పొయ్యను, నా నెత్తినా?"

ఆయన మాటా అబద్ధం కాదు. అదే ఆవిడకు మరీ మంట. తిడదామంటే తప్పు చేసినవాడు ఒక్కడూ దొరకలేదు.

మధ్యాహ్నం మూత కడిగి సంచిలో వేసుకుని చెల్లెలి దుకాణానికి బయల్దేరింది. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగింది. కాలవలో పారేస్తే అడిగేవాళ్లెవరు? అయినా పారెయ్యలేకపోయింది.

చెల్లెలు మూతను అటూ ఇటూ తిప్పి చూసింది. "నువ్వు చెప్పావనే కదక్కా కొన్నాను," అంది మెల్లగా. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఇంతలో భోజనానికి వచ్చిన ఒకాయన బోర్డు చదివి, "నిజంగా మట్టవుతుందా అమ్మా?" అని అడిగాడు.

"మా అక్క ఎరువుల యార్డులోనే పనిచేస్తుందండీ. ఆవిడనే అడగండి."

జల్లెడక్క చేతులు ఊరికే ఉండలేక దారం ముడి విప్పుతున్నాయి. "అవుతుంది బాబూ," అంది. చెల్లెలి ముఖం వెలిగింది. "మా దగ్గర మాత్రం కాదు. అన్నాళ్లు మేం ఉంచం."

ఆయన తలాడించి, భోజనం కట్టించుకుని వెళ్లాడు. చెల్లెలు స్టూలెక్కి బోర్డు తాడు విప్పసాగింది. స్టూలు ఊగకుండా అక్క రెండు చేతులతో పట్టుకుంది. పొద్దుటి నుంచి ఆవిడ కదలకుండా నిలబడింది అప్పుడే.