చిల్లుల తోటకూర

నలభై ఏళ్ళు దాటింది, ఒక గుప్పెడు ఉప్పును మోస్తున్నాను. నవ్వుకోండి, ఫరవాలేదు. గుప్పెడు ఉప్పు బరువేమిటని మా ఆయన ఉంటే ఆయనా నవ్వేవారు. ఆయనకి సగమే చెప్పాను. పిల్లలకి అసలు చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. చెప్పుకోవడానికి అదే వీలుగా ఉంది.

డెబ్బైలలో పెళ్ళయి విజయనగరం నుంచి భిలాయి వచ్చాను. సెక్టర్ సిక్స్‌లో క్వార్టరు. మా వీధిలో సగం మంది మనవైపు వాళ్ళే. పొద్దున్న షిఫ్టు సైకిళ్ళన్నీ ప్లాంటుకి వెళ్ళిపోయాక వీధి ఆడవాళ్ళ చేతికొచ్చేది. సరిగ్గా అప్పుడు వచ్చేది ఫూల్‌బాయి, నెత్తి మీద ఆకుకూరల గంపతో. జాముల్ అవతల ఏదో పల్లె నుంచి నడిచి వచ్చేది. వయసులో నాకంటే పెద్దదే, అయినా నన్ను దీదీ అనేది.

మొదటిసారి ఆమె తోటకూర చూసి మొహం చిట్లించాను. ఆకు ఆకుకీ చిల్లులు. పురుగులు తినగా మిగిలింది నాకు పెడతావా అని వచ్చీరాని హిందీలో అడిగాను. ఆమె నవ్వి, "కీరా ఖాహీ, తభే మనఖే ఖాహీ" అంది. పురుగు తింటేనే మనిషి తినొచ్చని. వాళ్ళ మళ్ళలో పేడ ఎరువు తప్ప ఇంకోటి ఎరగరట. ఆ రోజు ఆవ పెట్టి వండాను. మొదటి ముద్దకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవ ఘాటని మా ఆయనతో అన్నాను. కాదు. అది మా అమ్మ పెరట్లో తోటకూర రుచి. పుట్టిల్లు విడిచి వచ్చిన ఎనిమిది నెలల బెంగ ఆ పూట బయటికొచ్చింది.

కానీ ఆరేళ్ళపాటు ఆమె దగ్గరే కొన్నది రుచి కోసమేనా? ఇప్పుడు ఆలోచిస్తే కాదనిపిస్తుంది. కొన్ని రోజులు గంప దించకుండానే, "ఆజ్ ఝన్ లే, దీదీ" అనేది. ఇవాళ తీసుకోకు. ఆకు ముదిరిందనో, వానకి మట్టి కొట్టిందనో చెప్పేది. తన సరుకుని తనే వద్దని చెప్పే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆమె వద్దంటే మానేసేదాన్ని, తీసుకోమంటే కళ్ళు మూసుకుని తీసుకునేదాన్ని.

అప్పటికి ఆర్గానిక్ అనే మాట మా చెవిన పడలేదు. పవర్ హౌస్ మార్కెట్లో నిగనిగలాడే కూరలంటేనే అందరికీ మోజు. నేను మాత్రం ఇల్లిల్లూ తిరిగి చిల్లుల మహిమ చెప్పేదాన్ని. ఏ ఎరువు వేశారో, పండించిన చెయ్యి ఎవరిదో తెలుసుకుని తినాలని ఒకటే ఉపన్యాసాలు. ఎదురింటి సరోజ వదిన నాకు చిల్లులమ్మ అని పేరు పెట్టింది. వెక్కిరిస్తూ వెక్కిరిస్తూనే వీధి వీధంతా ఫూల్‌బాయి దగ్గర కొనడం మొదలుపెట్టింది. నాకు ఎంత గర్వమో.

ఆ గర్వమే నా కొంప ముంచింది. లేదు, అబద్ధం. నా కొంప మునగలేదు. ఆమెది మునిగింది.

ఆ ఏడు కార్తీక వనభోజనాలకి తెలుగువాళ్ళందరం ఒకచోట వండుకుందామనుకున్నాం. తోటకూరంతా ఫూల్‌బాయి తెస్తుందని, బజారు ఆకు ఒక్కటి కూడా ముట్టక్కర్లేదని నేను నలుగురిలో మాటిచ్చేశాను. ఆమెని అడగకుండానే ఇచ్చాను. తర్వాత అడిగితే, అంత ఆకు అప్పటికి ఎదగదంది. నేల తొందరపడదంది. ఇంకా పదిహేను రోజులే ఉంది.

మా ఆయన పని బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల పక్కన, ఆ గ్యాసు నుంచి తెల్లటి ఉప్పు తీసే చోట. పొలాలకి ఎరువుగా బస్తాల్లో వెళ్ళే ఉప్పు అది. కింద రాలినదాన్ని గులాబీ మొక్కల కోసం టిఫిన్ డబ్బాలో కాస్త తెచ్చేవారు. వీధిలో చాలా ఇళ్ళ గులాబీలు ఆ ఉప్పు తిన్నవే. ఇంట్లో దాచిందంతా పాత తెలుగు వారపత్రిక కాగితంలో పొట్లం కట్టి ఫూల్‌బాయి చేతిలో పెట్టాను. నీళ్ళలో కలిపి పొయ్యమన్నాను. ఆమె వాసన చూసి, మందు కాదు కదా దీదీ అని అడిగింది. ఉప్పే అన్నాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే. ఫూల్‌బాయి ఇంకేం అడగకుండా పొట్లం కొంగున ముడేసుకుని వెళ్ళింది.

వనభోజనాల నాడు పొద్దున్నే పెద్ద గంప తెచ్చింది. ఆకులు ముదురు పచ్చగా, అరచెయ్యంత వెడల్పున ఉన్నాయి. వెతికినా చిల్లు లేదు. నన్ను పక్కకి పిలిచి, "ఆజ్ ఝన్ లే, దీదీ" అంది. ఇంట్లో వండి చూసిందట, ఎప్పటి రుచి లేదట. పొయ్యిలు వెలిగించేశారు, జనం వచ్చేశారు. ఊరుకోమని కసిరాను. మిగిలిన ఉప్పు నాకు తిరిగిచ్చేద్దామని గంప అడుగున పెట్టుకొచ్చింది పాపం. అది నాకిచ్చేలోపే ఎవరో గంప చాప మీద కుమ్మరించారు. పొట్లం దొర్లి విచ్చుకుంది.

సరోజ వదిన వేలితో అద్ది చూసింది. వాళ్ళాయనదీ మా ఆయన సెక్షనే.

"ఇది మన ప్లాంటు ఉప్పు కాదేటి? దీనికెక్కడిదే?"

అందరూ ఫూల్‌బాయిని చూశారు. ఫూల్‌బాయి నన్ను చూసింది. నా మీద చెప్పాలని కాదు. నేను చెప్తానని చూసింది.

"యే కహా సే లాయీ, ఫూల్‌బాయీ?" అన్నాను. ఇది ఎక్కడి నుంచి తెచ్చావని, నేనేమీ ఎరగనట్టు.

ఆమె తల దించుకుంది.

"రద్దా మ పరే రిహిస్, దీదీ."

దారిలో పడి ఉంటే తెచ్చానని. ముదిరిన ఆకుని లేతదని ఏనాడూ అనని మనిషి నాకోసం అబద్ధమాడింది.

"అయితే ఇన్నాళ్ళూ మందేసిందే పెట్టిందన్నమాట మనకి" అంది ఎవరో. నేను నోరు విప్పలేదు. ఫూల్‌బాయి ఖాళీ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ప్లాంటు ఉప్పు ఇంటికి తెచ్చారని తెలిస్తే మా ఆయన ఉద్యోగానికి ముప్పొస్తుందని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఆయనకీ అదే చెప్పాను. నిజమేనా? ఆ ఉప్పు సగం ఇళ్ళలో ఉన్నప్పుడు ఎవరు ఎవరి మీద చెప్తారు? పైగా పొట్లం కాగితం నిండా తెలుగు అక్షరాలు. తెలుగింటి నుంచే వచ్చిందని అక్కడ ఎంతమందికి అర్థమైందో, అర్థమై ఎందుకు ఊరుకున్నారో ఇప్పటికీ తెలీదు. నేను ఒప్పుకుని ఉంటే తిట్టేవారు, నాలుగు రోజులు నవ్వుకునేవారు, మర్చిపోయేవారు. నేను భయపడింది చిల్లులమ్మ అన్న పేరు పోతుందని. అంతే. దానికోసం ఆమె మాట మీద ఉన్న నమ్మకాన్ని పోగొట్టాను. ఆమెని చూసి జనం కొనేది ఆ నమ్మకంతోనే.

తర్వాత నాలుగైదు రోజులు వచ్చింది. ఎవరూ తలుపు తియ్యలేదు. నేనూ తియ్యలేదు, కిటికీ సందులోంచి చూశాను. చివరి రోజు మా గేటు మీద ఒక కట్ట పెట్టి వెళ్ళింది. నిండా చిల్లులు. ఎవరూ చూడకముందే లోపలికి తెచ్చుకుని, ఆవ పెట్టి వండుకుని, ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. ఉప్పు సంగతి కంటే ఇది చెప్పడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. ఎంత బాగుందో ఆ కూర.

ఎండాకాలంలో ఉండబట్టలేక జాముల్ వెళ్ళాను. సిమెంటు ఫ్యాక్టరీ దాటి, కనిపించినవాళ్ళనల్లా ఫూల్‌బాయి ఇల్లెక్కడని అడిగాను. ఏ ఊరి ఫూల్‌బాయి అన్నారు. నాకు తెలీదు. పండించిన చెయ్యి తెలుసుకుని తినమని వీధికంతా చెప్పినదాన్ని, ఆరేళ్ళలో ఆమె ఊరి పేరు ఒక్కసారీ అడగలేదు. ఆ మిట్టమధ్యాహ్నం బస్సెక్కి వెనక్కి వచ్చేశాను.

ఇప్పుడు మా కోడలు ఆర్గానిక్ కూరలు తెప్పిస్తుంది. ప్యాకెట్టు మీద ఆకుపచ్చ ముద్ర ఉంటుంది. మంచివే, కాదనను. నేను ఆకులు వెనక్కి తిప్పి చిల్లు కోసం వెతుకుతుంటే ఆ పిల్ల నవ్వుతుంది. అంత ముద్ర వేసినవాళ్ళెవరూ ఇవాళ తీసుకోకని మాత్రం చెప్పరు. ఆ మాట వినాలని ఉంది. ఆ గొంతుతోనే వినాలని ఉంది. పొద్దున్న గేటు చప్పుడైతే ఇప్పటికీ లేచి వెళ్ళి చూస్తాను.

ఆమె ఉందో లేదో తెలీదు. ఉన్నా ఈ అక్షరాలు ఆమెకి చదవడం రాదు. అందుకే క్షమించమని అడగడం లేదు, అడిగేందుకు ఆమె ఊరైనా నాకు తెలియాలి కదా. ఆ రోజు చాప దగ్గర, మా విజయనగరం యాసలోనే అనాల్సింది ఒక్క మాట. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేకపోయాను. ఇవాళ రాస్తున్నాను, రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

సరోజ వదినా, ఆ ఉప్పు దారిలో దొరకలేదు. నానే ఇచ్చాను.