గోడలోని పుల్లతేనె

నా పెద్దపిల్ల కాలిమీద వేడి గంజి పడి పుండయింది. ఎన్ని ఆకులు నూరి కట్టినా చీము తగ్గలేదు. నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు.

మా వంటింటి మట్టిగోడ కన్నంలో దోమంతేసి తేనెటీగలు ఉండేవి. అవి కుట్టవు. వాటి పుల్లటి తేనె పుండ్లకు మంచిదనేవారు. కాని నేనప్పుడు కడుపుతో ఉన్నాను. అలాంటి ఇంట్లో గోడ పగలగొట్టరు.

“గోడకి గునపం తగిలితే లోపలి బిడ్డకి తగిలినట్టేనే,” అన్నారు మా అత్తగారు.

“గునపం ఎందుకండీ, గరిటె కాడ చాలదా?”

“ఏంటీ, గరిటయితే గోడకి తెలీదా?”

ఇంతలో పిల్ల మూలిగింది. ఆవిడ పిల్లవైపు చూసి, “నువ్వు ముట్టుకోకు, అవతలికి పో,” అంటూ గరిటె లాక్కుని తానే గోడ గోకారు. నల్లటి మైనంతోపాటు తేనె వచ్చింది. వడగట్టి పుండుకు పూశాం.

ఆపైన నాకెప్పుడూ ఒక చెయ్యి పిల్ల కాలికట్టు మీద, ఒక చెయ్యి నా పొట్టమీద.

“ఊరికే విప్పి చూడకే, ఎలా మానుతుంది!” అని ఆవిడ కసిరేవారు.

పుండు ఎండింది. పిల్ల నడిచింది. అయినా నాకు కంటికి కునుకు లేదు. కాన్పయి చంటివాడు కేరుమన్నప్పుడు, మంత్రసానికంటే ముందు మా అత్తగారే వాడి చేతులూ కాళ్లూ తడిమి చూశారు.