చదునైన చెయ్యి

ఆ రోజు సెనోబియా నన్నెందుకు తిట్టలేదో నాకిప్పటికీ తెలియదు. అదే మాట ఇంకెవరు అన్నా వదిలేది కాదు.

పెరూ రాజధాని లీమాలో మా కొండ మీద, ఆరోగ్య కేంద్రం పక్కనే నా పాత పుస్తకాల కొట్టు. సెనోబియా ఆ కేంద్రంలో నర్సు, బాప్తిస్మమప్పుడు నా కూతురిని ఎత్తుకున్న జ్ఞానతల్లి. ఆ వరసన ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్ళం.

ఇరవై రెండేళ్ళు ఆమె పని ఒకటే. ఎవరికైనా క్షయ వస్తే ఆ ఇంట్లో అందరి ముంజేతి చర్మంలోకి సూదితో ఒక చుక్క ఎక్కించేది. మూడో రోజు ఆ చోట వేలు పెట్టి, కళ్ళు మూసుకుని తడిమేది. ఎరుపును లెక్కచేయదు, గట్టిదనమే కావాలి. బాల్‌పెన్నుతో పక్కనుంచి గీసుకుంటూ వస్తే బుడిపె అంచు దగ్గర పెన్ను ఆగుతుంది. అక్కడ స్కేలు పెట్టి కొలిచేది.

బుడిపె ఏమిటని అడిగితే ఈలల సంగతి ఎత్తుకునేది. మా కొండ మీద ప్రతి ఇంట్లో ఈల ఉంటుంది. దొంగను చూసినవాడు ఊదితే అందరూ కర్రలతో వస్తారు.

"ఈ క్రిమి కణం లోపల దూరి కూర్చుంటది. బయట కాసేవాళ్ళకి దొరకదు. దాని మొహం ఒకసారి చూసిన టీ కణాలనే తెల్లకణాలు ఒళ్ళంతా తిరుగుతుంటాయి. నా చుక్కలో దాని వాసన తగిలితే ఈలేస్తాయి, మిగతావి పరిగెత్తుకొస్తాయి. ఆ గుంపే ఈ బుడిపె. రెండు మూడు రోజులు పడతది మరి, మెట్లెక్కి రావాలి గదా."

బుడిపె వస్తే క్రిమి ఎప్పుడో లోపలికి వచ్చినట్టే. అందుకని చెయ్యి చదునుగా ఉంటే జనానికి పండగ. చెప్పులు కుట్టే తియోడోసియో, తమ్ముడు క్షయతో మంచాన ఉండగానే, మొక్కజొన్న కల్లు, చిచా, జగ్గుతో పట్టుకొచ్చాడు.

"నాకు సున్నా నర్సమ్మా. తాగాల్సిందే నువ్వు."

"చిక్కిపోయి బెల్టుకి ఎన్ని కొత్త కన్నాలు పొడిచావు ఈ మధ్య? దొంగ రాలేదని ఎవడు చెప్పాడు నీకు? ఈలేసేవాళ్ళే నీరసించి పడున్నారేమో. జగ్గు అక్కడ పెట్టి ఈ డబ్బాలో ఉమ్మెయ్."

ఉమ్ములో క్రిమి దొరికింది. మందులు మింగి బతికాడు. అప్పటినుంచి చదును చెయ్యి చూసుకుని మురిసిన ప్రతివాళ్ళకీ తియోడోసియో కథతో కలిపి చీవాట్లు పడేవి. నేను కొట్లోంచి వింటూనే ఉండేదాన్ని.

యాభై ఆరో ఏట ఆమె వేళ్ళ కీళ్ళు వాచాయి. వేళ్ళు పోతే ఆ పని లేదు. డాక్టరు ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు ఏడాది మింగితే వాపు తగ్గింది. ఆ మాత్రలు ఈలల్ని కూడా నొక్కేస్తాయని ఆమెకు తెలుసు. ఒక సోమవారం తనకు తనే చుక్క ఎక్కించుకుంది. పడుచుతనంలో ఆ చేతి మీదే పద్దెనిమిది మిల్లీమీటర్లు వచ్చిందని గొప్పగా చెప్పుకునేది. బుధవారం నా కొట్టుకొచ్చి చెయ్యి చాపింది.

"నువ్వు చదువు వదినా. నేను చదువుకుంటే కావాలనుకున్నదే కనిపిస్తది."

"నేను పుస్తకాలు చదివేదాన్ని గానీ చేతులా?"

"గీత గియ్యి, వంకలొద్దు."

పెన్ను ఈ చివరనుంచి ఆ చివరకి ఆగకుండా పోయింది.

"ఏమీ లేదు వదినా, నున్నగా ఉంది. మంచిదేగా," అని నవ్వాను.

ఆమె తియోడోసియో కథ ఎత్తలేదు. "స్కేలు అక్కర్లేదులే," అని చొక్కా చెయ్యి దించుకుంది.

ఆమెకు రెండు దారులే మిగిలాయని తర్వాత తియోడోసియో చెప్పాడు. మాత్రలు మానితే వేళ్ళు పోతాయి. మింగితే ఒంట్లో ఈలేసేవాళ్ళు ఉండరు గనక దగ్గేవాళ్ళ మధ్య ఉండకూడదు.

రెండు వారాల తర్వాత అరల వెనక పుస్తకాలు దులుపుతూ దగ్గుతున్నాను. వట్టి దుమ్ము దగ్గు. గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు ఆగింది. మళ్ళీ దగ్గాను.

నేను ముందుకొచ్చేసరికి గుమ్మం పక్క బల్ల మీద ఆమె బాల్‌పెన్ను, స్కేలు ఉన్నాయి. వీపున మూట కట్టుకుని సెనోబియా దూరాన ఉన్న అయకుచో ఊరికి వెళ్ళే బస్సుల వైపు మెట్లు దిగుతోంది. వదినా అని పిలిచాను. ఆమె ఆగలేదు.