కవచం పడిపోయిన చోటు

రెండువేల అయిదు, ఆరు ప్రాంతంలో గల్ఫ్‌లో, హూరా అనే పేటలో మా గది ఉన్న వీధిలోనే ఒక ఇంటర్నెట్ షాపు ఉండేది. అక్కడ సెలవు శుక్రవారమే. ఆ పొద్దున తెలుగువాళ్ళ చర్చి ప్రార్థనకు వెళ్ళాల్సిన నేను షాపులో కూర్చుని ఆన్‌లైన్ ఆట ఆడేవాణ్ణి. చెక్క అడ్డుకు అవతలి కంప్యూటర్ దగ్గర నా రూమ్మేటు. నిజామాబాద్ వైపు మనిషి, బిల్డింగు పని. ఆట నేర్పింది నేనే.

ఆ ఆటలో చచ్చిపోతే మన మనిషి మళ్ళీ ఊరి గేటు దగ్గర లేస్తాడు. నేర్చుకున్న విద్య పోదు. ఒంటిమీది సామాను మాత్రం చచ్చినచోటే పడిపోతుంది. పరిగెత్తుకెళ్ళి తీసుకోవాలి. ఆలస్యమైతే ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, లేదంటే అదే మాయమైపోతుంది. అందుకే జంటగా తిరిగేవాళ్ళం. ఒకడు చస్తే రెండోవాడు కాపలా.

అతను ఎన్నో వారాలు ఆడి ఒక వెండి కవచం సంపాదించాడు. వేసుకున్న రోజే గుహలో చచ్చాడు.

"అన్నా, జర నా సామాన్ సూడు. ఉరికొస్తున్న."

"నేనున్నాగా, రా," అన్నాను. అంటూనే కవచం తీసి నా సంచిలో వేసుకున్నాను. నా తర్వాత మొదలుపెట్టినవాడికి నాకు లేనిది దొరికింది. అంతకుమించి కారణం లేదు. అతను వచ్చేసరికి ఎవడో ఎత్తుకుపోయాడని చెప్పాను.

"పోనీ తియ్ అన్నా. నువ్వు సావలే గద, గంతే సాలు."

అతని ముందు ఆ కవచం వేసుకోలేను. శుక్రవారం ఓవర్‌టైం ఉందని అబద్ధం చెప్పి, వేరే రోజుల్లో ఒక్కణ్ణే ఆడేవాణ్ణి. కొన్నాళ్ళకు అతను ఆట మానేశాడు. గదిలో మాటలూ తగ్గాయి. తగ్గించింది నేనే.

కాంట్రాక్టు అయిపోయి ఊరికి వెళ్ళిపోయేవాడు తీసుకెళ్ళలేని సామాను మంచం మీద పరుస్తాడు. దగ్గరి మనిషి ముందు తీసుకోవాలి. అది మా గదుల్లో అలవాటు. అతనూ కంబళి, బకెట్, రైస్ కుక్కర్ పరిచి నన్ను పిలిచాడు.

"నువ్వే తీస్కో అన్నా. నేను పోయినంక ఎవడో ఎత్తుకపోతడు."

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. "కుక్కర్ మూత సరిగ్గా పడుతుందా?" అని అడిగాను.

"గట్టిగ ఒత్తాలె. నీ లెక్కనే మొండిది," అని నవ్వాడు.

అతను వెళ్ళిపోయాక వచ్చిన శుక్రవారం షాపుకు వెళ్ళి, ఆ గుహలోకి నడిచి, అతను చచ్చినచోటే కవచాన్ని నేలమీద పెట్టాను. పక్కన నిలబడి కాపలా కాశాను. చెక్క అడ్డుకు అవతల ఎవరో కొత్త మనిషి ఫోన్లో ఇంటివాళ్ళతో మాట్లాడుతున్నాడు. గేటు వైపు నుంచి ఎవరూ రాలేదు. కాసేపటికి కవచం మాయమైంది. నేను ఇంకొంచెంసేపు అక్కడే నిలబడ్డాను.