నాన్నగారి ‘అలాగేనండి’

మతిమరుపు జబ్బు ముదిరి మా నాన్నగారికి మా పేర్లన్నీ పోయాయి గానీ మర్యాద మాత్రం పోలేదు. ఏమడిగినా "అలాగేనండి" అంటారు. ఒకప్పుడు నన్ను "ఒరే వెధవా" అని పిలిచిన మనిషి, ఇప్పుడు నాకూ ‘అండీ’ తగిలిస్తున్నారు. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టినవాడికి ఇంతకన్నా గౌరవం ఎక్కడ దొరుకుతుందని ఇంట్లో అందరినీ నవ్వించేవాణ్ణి.

షుగరు, గుండె జబ్బు ముందే ఉన్నాయి. ఈమధ్య పాదాలు వాచి, వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోతోంది. మా ఊరు పెదపాడు నుంచి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్తే, కిడ్నీలు పోయాయన్నారు. డాక్టరుగారు ఆయన్నే అడిగారు.

"డయాలసిస్ మొదలుపెడదామాండి?"

"అలాగేనండి."

డాక్టరుగారు తలూపారు. నేను మాత్రం ఆయన చేతుల వైపు చూశాను. కిందటిసారి సెలైన్ సూది పీకేసుకుంటున్నారని ఆయన చేతులు మంచానికి కట్టేశారు. దీనికైతే వారానికి రెండు మూడుసార్లు కట్టాలి.

"మానేసి ఇంటికెళ్ళిపోదామా నాన్నగారూ?" అన్నాను.

"అలాగేనండి."

"పోనీ, కాలవలో దూకుదామా?"

"అలాగేనండి."

నర్సు నవ్వింది. డాక్టరుగారు నవ్వలేదు.

"చేయకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడదు. చేస్తే గుండె తట్టుకుంటుందో లేదో చెప్పలేను. ఆయన మాట పనికిరాదంటే, మరి ఎవర్నడగమంటారు?"

గాలి చాలక చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం మా చెరువులో నేను చూసేదే.

నాన్నగారు నన్ను ఎగాదిగా చూసి, మర్యాదగా నావైపు చెయ్యి చూపించారు.

"వారినడగండి. పెద్దవారిలా ఉన్నారు."