డల్వా తల తడిసిన జనవరి

ఫేరా పట్టణం బస్టాండులో టికెట్లు అమ్మే డల్వా ప్రతి జనవరిలో చెల్లెలి కుటుంబంతో కలిసి ఇటపరికా దీవికి సెలవులకు వచ్చేది. వచ్చి ఏం లాభం, సముద్రం ఆమెకు నడుము దాకానే తెలుసు. పిల్లలు నీళ్లు చిమ్మితే తలకు చేతులడ్డం పెట్టుకుని ఒడ్డుకు వచ్చేసేది. ఆ తర్వాత గొడుగు కింద కూర్చుని అందరి చెప్పులకూ కాపలా.

ఆ భయమంతా జుట్టు గురించే. చిన్నప్పుడు తల్లి ఇనప దువ్వెనను పొయ్యి మీద కాల్చి, ఆమె ఉంగరాల జుట్టును సాగదీసి తిన్నగా చేసేది. చెవికి సెగ తగిలి ఉలిక్కిపడితే, "కదలకే! చుక్క నీరు పడిందంటే మళ్లీ గొర్రెబొచ్చు అయిపోతుంది" అని కసిరేది. తల్లి పోయింది గానీ ఆ భయం పోలేదు. పెద్దయ్యాక సెలూను మందులతో జుట్టును తిన్నగా ఉంచుకుంది. చివరికి ఆ ఘాటుకు మాడు మండిపోయి మానేసింది. కొత్త జుట్టు రింగులు తిరిగి భుజాల దాకా దిగింది. దాన్నేం చేయాలో తోచక గుడ్డ చుట్టి దాచేది.

ఆ ఏడు జుమీరా పిన్ని కూడా సెలవులు గడపడానికి దీవిలో వాళ్లు దిగిన ఇంటికి వచ్చింది. ఆమె దీవిలోనే పుట్టి, బురదలో పీతలు పట్టుకుంటూ పెరిగిన మనిషి.

ఒకరోజు పొద్దున్నే సముద్రం వెనక్కి తగ్గింది. పగడపు దిబ్బల మధ్య మిగిలిన నీళ్లు పచ్చగా, గోరువెచ్చగా, నిద్రపోతున్నట్టున్నాయి.

"ఏమే డల్వా, ఆ గుడ్డ కింద గుడ్లేమైనా పొదిగిస్తున్నావా?" అంది పిన్ని.

"వదిన తల బ్యాంకు లాకరు పిన్నీ. తాళంచెవి ఎవరికీ ఇవ్వదు," అని చెల్లెలి మొగుడు జిల్డో నవ్వాడు.

"నువ్వెళ్లి చేపలు తోముకోరా," అని అతన్ని తరిమి, పిన్ని డల్వాను తన మోకాళ్ల ముందు కూర్చోబెట్టింది. గుడ్డ విప్పి, చెంబుడు బావినీళ్లు నెత్తిన గుమ్మరించింది.

"సముద్రంలోకి పోయే ముందు తల తడపడమేంటి పిన్నీ!"

"పొడిజుట్టు దాహంతో ఉంటుందే. ముందే మంచినీళ్లు పట్టిస్తే ఉప్పునీళ్లు అంతగా తాగదు."

తర్వాత కొబ్బరినూనె. కొసల నుంచి మొదళ్ల దాకా, పాయ పాయకూ. వదులుగా జడలు అల్లుతుంటే ఎక్కడా లాగినట్టు లేదు. తల మీద చేయి పడితే నొప్పి పుట్టకుండా ఉంటుందని డల్వాకు అంతవరకూ తెలియదు. కళ్లు మూతలు పడ్డాయి.

ఆమె నీళ్లలోకి నడిచింది. నడుము, ఛాతీ, గడ్డం. ఆ తర్వాత వెల్లకిలా వాలిపోయింది. చెవుల్లోకి నీరు చేరగానే ఒడ్డు మీది మాటలన్నీ ఆగిపోయాయి. సన్నగా చిటపటమంటూ, దిబ్బలే ఊపిరి పీలుస్తున్నట్టు ఏదో చప్పుడు. జడలు వాటంతటవే విడిపోయాయి. జుట్టు చుట్టూ పరుచుకుని, నాచులా మెల్లగా ఊగింది. చిన్న చేపలు వచ్చి దాన్ని ముట్టి చూసి వెళ్లాయి. ఆకాశం ఎంత దూరమో, తన ఒళ్లు ఎక్కడ అయిపోయి నీరు ఎక్కడ మొదలైందో ఆమెకు తెలియలేదు.

"అక్కా! బతికున్నావా?" అని చెల్లెలు మారినాల్వా కేకేసేదాకా అలాగే ఉంది.

ఒడ్డుకు వచ్చి తల తడుముకునేసరికి వేళ్లు ఇరుక్కుపోయాయి. "పిన్నీ, అంతా చిక్కే! కత్తిరించెయ్."

"కత్తెర మాటెత్తితే వీపు విమానం మోత మోగుతుంది. కూర్చో."

పిన్ని మళ్లీ బావినీళ్లు పోసి ఉప్పు వదిలించింది. దువ్వెన ముట్టకుండా, నూనె వేళ్లతో కింది కొసల నుంచి ఒక్కో చిక్కూ విప్పుకుంటూ పైకి వచ్చింది. తువ్వాలుతో రుద్దనివ్వలేదు, పాత నూలు చొక్కాతో అద్దింది. ఆరేకొద్దీ రింగులు ఒక్కొక్కటే లేచాయి. వంటింట్లోంచి కొబ్బరిపాలలో ఉడికే చేప వాసన వస్తోంది. డల్వా ఉయ్యాలలో పడుకుని, తిండికి పిలిచినా లేవకుండా నిద్రపోయింది.

సెలవులు అయ్యేదాకా రోజూ పొద్దున్నే ఆ నీళ్లలోనే ఉంది.

ఫేరాకు తిరిగొచ్చాక గుడ్డ చుట్టకుండానే కిటికీ వెనక కూర్చుంది. రోజూ బస్సెక్కే ముసలాయన లోపలికి తొంగిచూసి, "ఇక్కడ ఇదివరకు ఉండే అమ్మాయి ఏమైందమ్మా?" అని అడిగాడు.

"సముద్రంలోకి దిగింది తాతా," అంది డల్వా, టికెట్ చింపి ఇస్తూ. "ఇంకా బయటికి రాలేదు."